తుడిచిన ఆకులు

ఫోటో తీసే ముందు ఆకును కొంగుతో తుడిచేదాన్ని. గోదావరిఖనిలో తుడవని ఆకు నల్లగానే ఉంటుంది మరి. ఓపెన్ కాస్టు గని నుంచి లేచే బొగ్గు దుమ్ము మనుషులనూ వదలదు, చెట్లనూ వదలదు.

ఆ ఫోటోలు మా ఆయన కోసం. ముప్పై ఏళ్ళు గని లోపల పనిచేసి రిటైరయ్యాక, రోజూ పొద్దున్నే కలిసి నడుద్దామన్నాడు. నాలుగు నెలలు నడిచామో లేదో, ఊపిరితిత్తులు మొరాయించాయి. మంచం పట్టాడు. "నువ్వన్న పోయి రా. ఏం సూసినవో నాకు సూపియ్యి" అన్నాడు. అప్పటి నుంచి పక్క క్వార్టర్ అక్కను ఆయన దగ్గర కూర్చోబెట్టి, నేను ఫోన్ పట్టుకుని వెళ్ళేదాన్ని. తంగేడు మొగ్గ, జిల్లేడు ఆకు కింద పురుగు గుడ్లు, గడ్డిపోచ చివర మంచు బొట్టు. ఆయన ఒక్కో ఫోటోను వేళ్ళతో పెద్దది చేసి, గని పైకప్పుకు పగుళ్ళు వెతికినట్టు మూలమూలా చూసేవాడు. ఆ కాసేపు దగ్గు కూడా తగ్గినట్టు అనిపించేది.

ఒకరోజు ఫోన్ తిరిగి నా చేతిలో పెట్టాడు.

"ఇవి నువ్వు తీసినవి కావే."

"మరెవరు తీసిండ్రు?"

"గుడ్ మార్నింగ్ అని అందరు పంపుతరు సూడు, గా ఫోటోలు. మన దగ్గర ఆకు గింత పచ్చగ ఏడుంటది? నువ్వు పోతనే లేవు. నన్ను ఖుషీ చెయ్యనీకి అబద్ధమాడుతున్నవ్."

నాకు ఒళ్ళు మండింది. కీళ్ళ నొప్పులతో గని మట్టి పోసిన గుట్ట దాకా పోయి, మోకాళ్ళ మీద కూర్చుని తీసిన ఫోటోలవి. తుడిచానని ఒక్క ముక్క చెప్తే సరిపోయేది. రోషం కొద్దీ చెప్పలేదు. మర్నాడు ఆయనతో మాట్లాడకుండానే బయల్దేరాను. "జల్ది రాయే" అని లోపలి నుంచి వినబడింది. వినీ తలుపు దగ్గరికి వేశాను.

రాత్రి వాన పడినట్టుంది, ఆకులన్నీ కడిగి పెట్టినట్టు ఉన్నాయి. ఎన్నాళ్ళకో అంత చక్కటి పొద్దు. నేను మాత్రం తిట్టుకుంటూ దుమ్ము పట్టిన ఆకు కోసం వెతికాను. కాలనీ దాటి, బొగ్గు లారీల రోడ్డు దాకా నడిచాను. అక్కడ వంతెన కింద, వాన తగలని చోట ఒక ఆముదం మొక్క కనబడింది. ఆకు నిండా నలుపే. దాని మీద వేలితో గీత గీసి, నల్లబడ్డ నా వేలు కూడా పడేట్టు ఫోటో తీశాను. ఇప్పుడేమంటాడో చూద్దామని గబగబా ఇంటికి నడిచాను.

మా ఇంటి ముందు నలుగురు నిలబడి ఉన్నారు. పక్కింటి అక్క ఎదురొచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"రెండుసార్లు అడిగిండు చెల్లె, ఇంకా రాలేదా అని. గంతల్నే పానం పోయింది."

ఆయన ముఖం నిమిరితే నా వేలి నలుపు చెంపకు అంటింది. డ్యూటీ దిగి వచ్చినప్పుడు ఆ ముఖం అట్లాగే ఉండేది. అలవాటుగా కొంగు తీశాను. తుడవడానికి చెయ్యి రాలేదు. చెవి దగ్గర వంగి, నిన్న చెప్పాల్సిన మాట చెప్పాను.

"రోజూ పోయిన. ఆకులను నేనే తుడిచిన."