మేడంగారు ఇచ్చిన గిన్నె

కొలతల మేడంగారు పోయారు. గుంటూరు నుంచి ఆవిడ చెల్లెలు ఫోన్ చేసి చెబితే, పిండి కలుపుతున్న చేత్తో అలాగే నిలబడిపోయాను. చాలాకాలంగా జబ్బుతో ఉన్నారట. మాలాంటివాళ్లకి చెప్పనివ్వలేదట.

మా ప్రత్తిపాడులో ఆవిడని ఎవరూ పేరుతో పిలవలేదు. పిల్లలు ఏం తింటున్నారు, ఎంత ఆడుతున్నారు అని రాసుకోవడానికి సర్వే పని మీద వచ్చేవారు. మీ ఊళ్లకీ అలాంటివాళ్లు వచ్చే ఉంటారు. సంచిలోంచి స్టీలు గిన్నెలు, గరిటెలు తీసి, "నిన్న దీంతో ఎంత అన్నం తిన్నావు?" అని పిల్లల్ని అడిగేవారు. మొదటిరోజే మా అత్తగారు అడ్డుపడ్డారు.

"ఏవమ్మా, పిల్లలు తినే కూడు ఎవరైనా కొలుస్తారా? దిష్టి కొట్టదూ?"

"అయితే నాకూ ఒక ముద్ద పెట్టండి పెద్దమ్మా. కొడితే నాకూ కొడుతుంది" అన్నారు మేడంగారు. అత్తగారు నవ్వేసి పీట వేశారు.

అప్పుడు నా కూతురు నాగూర్‌బీ ఏడో తరగతి. ఆ ఏడు మిరపకోతల్లో కళ్లు తిరిగి చేలోనే పడిపోయేది. ఒకరు ఎండదెబ్బ అన్నారు, ఒకరు గాలి సోకిందన్నారు. దర్గాకి తీసుకెళ్లి తాయెత్తు కట్టించాను. ప్రతి నమాజులో దువా చేశాను. పిల్ల బుగ్గలు లోపలికి పోతూనే ఉన్నాయి.

"ఏం ఆటలాడతావు?" అని మేడంగారు అడిగితే, "ఏం ఆడనండి" అంది. రాయబోయినవారు ఆగి దాని చేతుల వంక చూశారు. కాయలు కోసి కోసి వేళ్లు కందిపోయి ఉన్నాయి.

"ఆటల సంగతి వదిలెయ్. నిన్న లేచిన దగ్గర్నుంచి ఏమేం చేశావో చెప్పమ్మా."

నీళ్లు, గేదె, చేను, మళ్లీ నీళ్లు. పిల్ల చెబుతూ పోయింది. మేడంగారు ఓపిగ్గా అంతా రాసుకున్నారు.

తిండి దగ్గర మాత్రం ఆవిడ గిన్నెలు పనికిరాలేదు. మా ఇంట్లో పిల్లలకి వేరే కంచాలు లేవు. బేసిన్లో అన్నం కలిపి, నాగూర్‌బీని, దాని తమ్ముడు బాజీని చుట్టూ కూర్చోబెట్టి చేతుల్లో ముద్దలు పెట్టేదాన్ని. ఎవరి చేతిలో ఎన్ని పడ్డాయో ఆవిడ నన్నడిగి రాసుకుని, నాగూర్‌బీ బాగానే తింటోందన్నారు. తిండి సరిపోతుంటే మరి ఇదేం జబ్బు?

మరుసటి వారం చెప్పాపెట్టకుండా అన్నం వేళకి వచ్చారు. కాగితాలు తీయలేదు. గోడకి చేరబడి ఊరికే చూస్తూ కూర్చున్నారు. నా చూపు కలిపే అన్నం మీద ఉంటుంది. ఆవిడ చూపు పిల్ల చేతిమీద ఉంది.

"ఏరా బాజీ, అక్క ముద్ద కూడా నీదేనా?"

"అక్కే పెడతదండి. దానికి ఆకలెయ్యదంట."

నాగూర్‌బీ తల దించుకుంది. "వాడు చిన్నోడు కదండీ" అంది.

మేడంగారు నావైపు తిరిగి, "పొరపాటు నాదమ్మా. చేతిలో పడింది లెక్కేశాను, నోట్లోకి పోయింది చూడలేదు" అన్నారు. సంచిలోంచి ఒక గిన్నె తీసి పిల్ల ముందు పెట్టారు. "ఇకనుంచి దీని ముద్దలు ఇందులో పెట్టు. ఇది ఖాళీ అయ్యాకే తమ్ముడి సంగతి."

మరుసటి ఏడు కోతల్లో నా బిడ్డ పడిపోలేదు.

సర్వే అయిపోయినా, ఇటు వచ్చినప్పుడల్లా మా గడప తొక్కేవారు. చెప్పులు విడుస్తూనే "గిన్నె ఖాళీ అయిందా?" అనేవారు. పెళ్లిలో ముసుగు వేసుకుని కూర్చున్న నాగూర్‌బీని కూడా అదే అడిగారు. ముసుగులోంచి అది నవ్విన నవ్వు నాకింకా వినిపిస్తుంది. అత్తారింటికి వెళ్తూ ఆ గిన్నెని చీరల మధ్య పెట్టుకుంది.

పొద్దుగూకి మగ్రిబ్ నమాజు అయ్యాక మేడంగారి కోసం చేతులెత్తాను. ఎవరి పిల్ల ఆకలైనా తనదనుకున్న మనిషి. అల్లాహ్ ఆవిడని చల్లగా చూడాలి.

తర్వాత కనిగిరికి ఫోన్ చేసి కూతురికి చెప్పాను. వెనక దాని చిన్నపిల్ల అన్నం కోసం మారాం చేస్తోంది. "ఉండమ్మా" అని ఫోన్ పక్కన పెట్టింది. స్టీలు గిన్నె నేలకి తగిలిన చప్పుడు వినిపించింది. తర్వాత, ఏడుపు దిగమింగుకుంటున్న నా కూతురి గొంతు.

"ఇది నీది. నువ్వే తినాలి."