ఉల్లిగడ్డ గుట్ట

గ్రానైట్ కోసే దుకాణంలో అడుగు పెట్టగానే ముక్కుకు తగిలేది తడిసిన రాతి వాసన. రంపం కింద నీళ్లు ధారగా పడుతుంటాయి, బూడిదరంగు బురద కాలువ కట్టి పారుతుంటుంది. ఆ బురదలోంచి లేచే వాసన, మృగశిర కార్తెలో మొదటి చినుకులకు మా ఊరి గుట్ట మీంచి దిగి మా కిరాణా కొట్టు గడప దాకా వచ్చిన వాసనే. చిన్నకోడలి వంటగట్టుకు బండ కొందామని పోయాను, ఆ వాసనకు ఒళ్లు మండిపోయింది. మండుతూనే బేరం మొదలుపెట్టాను. అది మా ఇంటి జబ్బు, మందు లేదు.

మాది కరీంనగర్ పక్కన ఒక ఊరు. రోడ్డు మీద మా నాన్న, బాపు దుకాణం, దాని వెనకే గుట్ట. సర్కారు కాగితాల్లో దాని పేరేమిటో నాకు తెలియదు, ఊరంతా ఉల్లిగడ్డ గుట్ట అనేవాళ్లం, ఎందుకంటే అది పొరలు పొరలుగా ఊడేది. ఎండాకాలం పగలంతా కాగి కాగి, పొద్దు వాలి గాలి తిరిగేసరికి పైన ఎక్కడో టప్పుమని చప్పుడయ్యేది. కందిపప్పు తూస్తున్న బాపు తల ఎత్తకుండానే "గుట్ట అంగీ ఇప్పుతుంది" అనేవాడు. వానాకాలం ఆ పగుళ్లలోకి నీళ్లు దిగేవి, నీళ్ల వెంట మన్ను, మన్నులో ఏ పిట్టో జారవిడిచిన సీతాఫలం గింజ. గింజ మొలిచి, వేరు వేలంత లావై, చేయంత లావై, ఇద్దరు మగవాళ్లు గడ్డపార వేసినా కదలని బండను తొందరేమీ లేకుండా పక్కకు జరిపేది. ఊడిన పొర చెక్కలయ్యేది, చెక్కలు గులకలు, గులకలు మొరం, మొరం ఏటేటా వానకు జారి కింద ఎర్రటి చల్క భూమిగా పరుచుకునేది. మా ఊళ్లో కాల్చుకు తిన్న మక్క కంకి, ఉడకబెట్టుకున్న పల్లికాయ అన్నీ ఆ గుట్ట అరిగిన పొడిలో పండినవే.

బతుకమ్మకు తంగేడు, గునుగు కోసం ఆడపిల్లలమంతా గుట్టెక్కేవాళ్లం. పువ్వు కోసేది గంపెడు, జారుడు బండ మీద జారేది రోజంతా. లంగా వెనక చిరిగితే అవ్వ వీపు మోగించేది, ఆ చేత్తోనే మలీద ముద్ద పెట్టేది. నేను మాత్రం సగం పండిన సీతాఫలాలు పోగేసి, ఇంటికి పోయి బియ్యంలో మగ్గబెట్టి, వాటినే ఆ పిల్లలకు గోటీలకు, రిబ్బన్లకు మారకం వేసేదాన్ని. షావుకారి బిడ్డకు పండు కూడా సరుకే.

గుట్ట కింద గుడిసెలో ఎల్లయ్య తాత ఉండేవాడు, రాళ్లు కొట్టే వడ్డెరాయన. ఊళ్లో ఏ ఇంటి అరుగుకైనా, గడపకైనా, బట్టలుతికే బండకైనా ఆయన చెయ్యి పడాల్సిందే. ఆయన పని చూడాలంటే ఓపిక కావాలి. చిన్న సుత్తె పట్టుకుని గుట్ట మీద వంగి వంగి నడుస్తూ, అడుగడుగుకూ కొట్టి, చెవి ఆనించి వినేవాడు. డొబ్ డొబ్‌మంటే అక్కడ పొర కింది రాతిని విడిచిందని అర్థం. దాని మీద చితుకులు, పిడకలు పరిచి సన్నటి మంట పెట్టి చుట్ట కాలుస్తూ కూర్చునేవాడు. పూట గడిచేసరికి పొర ఉబ్బి తనంతట తానే లేచేది. ఖంగుమని మోగితే మాత్రం ఆ రాయిని ముట్టేవాడు కాదు.

నాకు పదేళ్లప్పుడు మా దుకాణం గడప అరిగిపోతే, కొత్త బండ చూసుకు రమ్మని బాపు నన్నే పంపాడు. గులాబి చారలున్న నున్నటి బండ ఒకటి చూపించి అదే కావాలన్నాను. ఎల్లయ్య తాత సుత్తెతో కొట్టాడు. ఖంగుమంది.

"వద్దు బిడ్డా. గుట్ట దీన్ని ఇంక ఇడువలే."

"ఎప్పుడిడుస్తది?"

"నీ మనుమరాలి కాలానికి ఇడుస్తదేమో. గప్పుడు వచ్చి తీస్కపొమ్మను."

"గప్పటిదాక నేనుంటనా తాతా? రెండు కిలోల బెల్లం ఇస్త, తియ్యి."

ఆయన చుట్ట తీసి పకపకా నవ్వాడు. "ఓ షావుకారి బిడ్డా! బెల్లమేమో మీ బాపుది, గుట్టేమో ఎవ్వలిదీ గాదు. నడుమ నీ బేరమేంది?"

నల్లటి మరకలున్న, డొబ్‌మన్న పొరే మా గడపకు వచ్చింది. మోసపోయానని రెండు రోజులు అన్నం మీద అలిగాను.

పెళ్లయినా నేను దుకాణం విడవలేదు. ఇల్లరికం వచ్చిన మొగుడు తూకం వేస్తే, మాట నేను వేసేదాన్ని. తొంభైలు మొదలయ్యాక ఒక కంట్రాక్టరు జీపులో దిగాడు. గుట్టకు పైనుంచి కాగితాలు తెచ్చుకున్నాడట, లారీలకు ఊరి దారి కావాలట. ఊరి పెద్దలు అతన్ని వెంటబెట్టుకుని మా కొట్టుకే వచ్చారు. "నోరున్నది నీకేనమ్మా, నువ్వే మాట్లాడు" అన్నారు. నేను ఉబ్బిపోయాను. ఊరికి బోరు అడిగాను, తారు రోడ్డు అడిగాను, బడికి రెండు గదులు అడిగాను. అతను చాయ్ తాగుతూ మూడింటికీ "సరే అమ్మా" అన్నాడు. ఒక్కదానికీ గీచి గీచి మాట్లాడలేదు.

బాపు బతికున్నన్నాళ్లూ చెప్పిన మాట ఒకటుంది: "అడగంగనే సరే అన్నోన్ని నమ్మకు బిడ్డా. నీ సరుకు ఇలువ నీకంటె వానికే ఎక్కువ ఎరుక." ఆ మాట ఆ రోజు నాకు గుర్తుకు రాకపోలేదు, వచ్చింది. కానీ పెద్దలు చప్పట్లు కొడుతున్నారు, నేను వింటున్నాను.

సాయంత్రం ఎల్లయ్య తాత కర్ర పట్టుకుని వచ్చి గడప దగ్గర నిలబడ్డాడు. "గుట్ట ఇడిసిందా అని అడిగినవా బిడ్డా?"

నవ్వాను. "గంత పెద్ద గుట్ట తాతా! వాళ్లెంత తీస్కపోతరు? మన మనుమల కాలానికి గూడ ఒడువది."

ఆయన వంగి, తానే తెచ్చి వేసిన ఆ గడపను వేలి కణుపుతో ఒకసారి కొట్టి చూసి వెళ్లిపోయాడు.

ఒడిసింది, గుట్ట మొత్తం అయిపోయింది. మనుమల కాలం దాకా కూడా ఆగలేదు. వాళ్లు వినలేదు, మంట పెట్టలేదు, ఎదురుచూడలేదు. మందు పెట్టి పేల్చి, మిఠాయి దుకాణంలో కోవా కోసినట్టు గుట్టను నాలుగు పలకల దిమ్మెలుగా కోసి లారీలకెక్కించారు. బడి గదులు కట్టారు, ఆ పేలుళ్లకే గోడలు బీటలిచ్చాయి. రోడ్డు వేశారు, వాళ్ల లారీలే దాన్ని గుంతలు చేశాయి. గుట్ట ఉన్నచోట తవ్విన గుంత వాళ్లు వేయించిన బోరు కంటే లోతుకు దిగింది, బోరు గాలి కక్కింది. చల్క మీద మొరం బదులు రాతి బూడిద పడింది. ఎల్లయ్య తాత కొడుకులు బొంబాయి పోయారు, ఆయన ఆ గుంత ఒడ్డున కూర్చుని కూర్చునే పోయాడు. నేను అడిగినవన్నీ ఇచ్చారు, ఒక్కటీ మిగల్లేదు. అంత బాగా బేరమాడాను.

ఇప్పుడు మా ఊళ్లో ఎవరైనా "కాలం మారింది గదమ్మా, ఏం జేస్తం" అంటే వాళ్ల నోరు మూయించాలనిపిస్తుంది. కాలం ఏమీ చేయలేదు. కాలం పని చేయడం నేను చూశాను: ఎండ, వాన, సీతాఫలం వేరు. అది ఒక పొర తీసుకుంటే కింద ఒక చేను పరిచేది. గుట్టను తిన్నది కాలం కాదు. లారీలు. వాటికి దారి చూపించిన నేను.

గుట్టలో ఇప్పుడు నాకు మిగిలింది మా పాత దుకాణం గడప ఒక్కటే.

మొన్న ఆ గ్రానైట్ దుకాణంలో సేటు కుర్రవాడు వరుసలోంచి ఒక బండ ముందుకు లాగించి నీళ్లు చల్లాడు. గులాబి చారలు తేలాయి. "మన దిక్కు బండనే అమ్మా, గిసొంటిది ఇప్పుడు దొరుకత లేదు" అన్నాడు. వేలి కణుపుతో కొట్టాను. ఖంగుమంది.

"సూసిండ్రా, గంట లెక్క మోగుతుంది! ఎంత గట్టిదో!"

"గుట్ట దీన్ని ఇడువలే" అన్నాను. నా గొంతు నాకే కటువుగా వినిపించింది.

అతను నా మొహంలోకి చూశాడు, బండను చూశాడు, చేతులు తుడుచుకున్నాడు. "సరే అమ్మా, కోపం జేయకుండ్రి. మీకోసం ఇంక జర తగ్గిస్త."