మస్కట్ దగ్గర, బేగంపేట దూరం

ఒక్క రోజులో మనిషి తన చదువుకు ఎంత చెడ్డపేరు తేగలడో తెలుసుకోవాలనుకుంటే, నా భార్య సుజాత మస్కట్ నుంచి వచ్చిన రోజు సంగతి వినండి.

సుజాత అక్కడి దవాఖానలో నర్సు. పెళ్లయిన నాలుగో నెలలో వెళ్లింది. వనపర్తిలో నేను పిల్లలకు లెక్కలు చెబుతూ, అలవాటుగా ఇద్దరికి అన్నం వండి ఒక్కణ్నే తినేవాణ్ని. సాయంత్రాలు స్కూలు అట్లాసు తెరిచి, మస్కట్ నుంచి హైదరాబాద్ దాకా దారం పెట్టి కొలిచేవాణ్ని. సుమారు రెండువేల రెండొందల కిలోమీటర్లు. విమానం వేగంతో భాగిస్తే రెండు గంటల యాభై నిమిషాలు. తగ్గుతుందేమోనని వారానికోసారి మళ్లీ కొలిచేవాణ్ని. తగ్గలేదు.

రెండేళ్లకు సెలవు దొరికింది. ఫోన్లో ఒక్కటే అడిగింది: "బయటికి రాంగనే ముందుగాల నీ మొఖమే కనపడాలె. లేటు చేస్తే ఊకోను."

లేటా? రెండు దేశాల గడియారాల మధ్య గంటన్నర తేడా కూడా కలిపి లెక్క కట్టినవాణ్ని నేను. పన్నెండు నలభైకి దిగుతుంది. పొద్దున ఏడింటికే మల్లెపూల పొట్లంతో హైదరాబాద్ బస్సెక్కాను.

శంషాబాద్ దగ్గర కండక్టర్, ఎయిర్‌పోర్టుకు పోయేవాళ్లు దిగమని కేకేశాడు. నేను కదల్లేదు.

"మీరు ఏడికి సార్?"

"ఎయిర్‌పోర్టుకే."

"మరి దిగరేంది?"

నిలబడ్డవాళ్లకు నా సీటు ఇప్పించే ఎత్తు అనుకున్నాను. "నా భార్యను బేగంపేటల విమానం ఎక్కించిందే నేను. నాకు తెల్వదా?"

అతను నా ఇస్త్రీ చొక్కానూ పూల పొట్లాన్నీ ఓసారి చూశాడు. "సదువుకున్నోళ్లకు మేమేం చెప్తం" అని విజిల్ ఊదాడు.

బేగంపేటలో గేటు మూసి ఉంది. రద్దీ లేదని సంతోషించాను. ఒంటిగంట దాకా మెడ ఎత్తి ఆకాశాన్నే చూశాను. చివరికి కాపలా మనిషికి జాలేసింది.

"ఎవలకోసం సార్? విమానాలన్నీ శంషాబాద్‌కు పోయి నెలలాయె."

పేపర్లో రాలేదా అంటారా? వచ్చింది. మొదటి పేజీలో, రంగుల ఫొటోతో. ఆ పేజీతోనే నేను అట్లాసుకు అట్ట వేసుకున్నాను.

ఫోన్ చేద్దామంటే జేబులో సెల్లు లేదు. రెండు బస్సులు మారి శంషాబాద్ చేరేసరికి మూడు దాటింది. బయటికి వచ్చే ప్రతి ఆడమనిషినీ చూశాను. ఎవరూ సుజాత కాలేదు. వనపర్తి బస్సెక్కి, పూలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. అవీ నేనూ పోటీపడి వాడిపోయాం.

ఇల్లు చేరేసరికి ఏడున్నర. తాళం వేసిన తలుపు ముందు, పెట్టె మీద సుజాత కూర్చుని ఉంది. పక్కింటి ఖైరున్ బీ చెంబుతో నీళ్లిచ్చి, తన ఫోనూ ఇచ్చినట్టుంది. దాంట్లోంచి నాకే చేస్తోంది. చార్జింగుకు పెట్టి మరిచిన నా సెల్లు ఇంట్లో బుద్ధిగా మోగుతోంది.

నన్ను చూసి ఫోను చెవి నుంచి దించింది. పూల పొట్లం చేతికిచ్చాను. తీసుకుంది. చెంబు నా చేతికి అందించింది.

"జర కూసోని తాగు. శానా దూరంకెల్లి వచ్చినవ్."

నిజమే. మస్కట్ నుంచి హైదరాబాద్‌కు ఆమెకు పట్టింది రెండు గంటల యాభై నిమిషాలు; నా లెక్క తప్పలేదు. వనపర్తి నుంచి వనపర్తికి నాకు పన్నెండున్నర గంటలు పట్టింది.

నలభై రోజుల సెలవు అయిపోయాక, ఆమెను శంషాబాద్‌లోనే విమానం ఎక్కించి వచ్చి, అట్లాసు మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఇక దారంతో దూరం కొలవను.

మాట తప్పలేదు. వేళ్లతో కొలుచుకున్నాను.