పేరు చెరిపిన ఇనుము

బేసింగ్‌స్టోక్‌లో మా ఫ్లాట్ కింద కౌన్సిల్ వాళ్ళు పాత ఇనుప రెయిలింగ్‌ని గ్రైండర్‌తో కోస్తున్నారు. కిటికీ మూసినా కాలిన ఇనుము వాసన లోపలికి వచ్చేసింది. మా అమ్మాయి ముక్కు మూసుకుని, "మమ్మీ, దట్స్ హారిబుల్" అంది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చినట్టయింది. అది మా సుగుణ ఆంటీ వాసన. మల్లెపూలనీ అగరొత్తులనీ గుర్తుకు తెచ్చే ఆంటీలు అందరికీ ఉంటారు. నాకు పని నేర్పినావిడ చీర కొంగు నిండా ఇనుప రజను ఉండేది.

ఆవిడది కాకినాడ. అక్కడే మెకానికల్ ఇంజనీరింగ్ చదివింది. భర్త నార్తాంప్టన్‌లో ఆసుపత్రి డాక్టరు. ఊరి బయట ఇండస్ట్రియల్ ఎస్టేట్ చివర ఆవిడ షెడ్డు. బోర్డు మీద గడ్డి కోసే మిషన్లు బాగుచేస్తామని ఉండేది. లోపల తయారయ్యేది మాత్రం డ్రాగ్ రేసు కారు. ఆ రేసులో రెండు కార్లు పక్కపక్కన నిలబడి, పావు మైలు తిన్నటి దారిలో ఎవరు ముందు దాటితే వాళ్ళదే గెలుపు. ఇంజనూ గేర్‌బాక్సూ ఒక పెద్ద కార్ల కంపెనీ గుట్టుగా పంపేది. పొదుపైన, పొగ రాని కుటుంబ కార్లు మావేనని టీవీలో ఊదరగొట్టే కంపెనీ అది. రెప్పపాటులో అంత పెట్రోలు తగలేసే కారు తమదంటే పరువు పోతుంది, కానీ తమ ఇంజను ఎంతవరకు తట్టుకుంటుందో చూడాలనే దురద పోదు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగడమంటే ఇదే.

అందుకే వాళ్ళొక షరతు పెట్టారు. వచ్చిన ప్రతి భాగం మీదా కంపెనీ ముద్రను అరగదీసి, నున్నగా చేశాకే బిగించాలి. నేను మాస్టర్స్ పూర్తిచేసి ఆ షెడ్డులో ఇంజనీరుగా చేరిన మొదటిరోజే ఆవిడ నా చేతిలో గ్రైండర్ పెట్టింది.

"చదివిందంతా ఇందుకేనా ఆంటీ?" అన్నాను.

"వాళ్ళు సిగ్గుపడే పేరు మనకెందుకే? చెరిపెయ్. పని మొదలెడదాం."

బోర్డు చూసి నిజంగానే గడ్డి మిషన్లు మోసుకొచ్చేవాళ్ళు. ఆవిడ వాటినీ శ్రద్ధగా బాగుచేసేది. ఒక ఉగాది విందులో ఇంకో డాక్టరుగారి భార్య పులిహోర వడ్డిస్తూ, "ఇంత చదివి గడ్డి మిషన్లు బాగుచేసుకోవడం ఏం ఖర్మ సుగుణా?" అంది. ఆంటీ నవ్వి, "మీది పాడైతే పంపండి వదినా, మొహమాటపడకండి" అంది. తిరిగొస్తుంటే కార్లో నేను ఉడికిపోయాను. "అసలు సంగతి చెప్పేయొచ్చు కదా?"

"మాటిచ్చానే. వాళ్ళు మాట మీద ఉన్నంత కాలం నావి గడ్డి మిషన్లే."

రెండేళ్ళకు పైగా పట్టింది. కారు పూర్తయి, మొదటి రేసుకు వారం కూడా లేదనగా కంపెనీలో పైవాళ్ళు మారారు. సంగతి బయటపడుతుందేమోనని కొత్తవాళ్ళకు భయం. ఎప్పుడూ వచ్చే మార్టిన్ అనే అధికారి ఈసారి లారీతో వచ్చాడు. కారు తీసుకెళ్ళి క్రషర్‌లో వేసి నలిపేస్తారట. నాకు ఏడుపొచ్చింది. ఆంటీ చేతులు తుడుచుకుంది.

"రేసులో పరిగెత్తనిస్తామని మాటిచ్చారు కదా, మార్టిన్?"

"ఒప్పందం అలా లేదు. కంపెనీ వస్తువులు కంపెనీకే చెందుతాయి."

"సరే. మీ పేరున్నవన్నీ తీసుకెళ్ళండి. నేనే విప్పి ఇస్తాను."

అతను టార్చి వేసి వెతికాడు. ఇంజను మీద, గేర్‌బాక్సు మీద, ఎక్కడ చూసినా నున్నటి ఇనుమే.

"ఇవి మావని మీకు తెలుసు."

"తెలుసు. కోర్టుకు రండి, అక్కడ చెబుతాను. పేపర్లవాళ్ళూ వింటారు."

నా వీసా ఆ షెడ్డు మీదే ఆధారపడి ఉంది. ఈవిడ కొరివితో తల గోక్కుంటోందనుకున్నాను. మార్టిన్ టార్చి ఆర్పి జేబులో పెట్టుకున్నాడు. చివరికి గుమ్మం దగ్గర ఆగి, "ఇక్కడ నాకు గడ్డి మిషన్లు తప్ప ఏమీ కనబడలేదు" అని ఖాళీ లారీతో వెళ్ళిపోయాడు. వాళ్ళు తీసిన గోతిలో వాళ్ళే పడ్డారు.

అప్పుడు ఆంటీ ఇనుము మీద అక్షరాలు చెక్కే పెన్ను తీసింది. మేం నున్నగా చేసిన చోట తెలుగులో తన పేరు చెక్కి, పెన్ను నాకిచ్చింది.

"చెయ్యి వణుకుతోంది ఆంటీ."

"వణకనీ. నీ చెయ్యేనని తెలుస్తుంది."

ఆ ఆదివారం రేసుకు ఉగాది ఆంటీలందరినీ పిలిచింది. వాళ్ళు పులిహోరతో వచ్చి, మా కారు కదలగానే చెవులు మూసుకున్నారు. కారు గెలవలేదు. అయినా ఆవిడ కంచె దగ్గర నిలబడి, "అది నేను చేసిందే వదినా" అని పేరుపేరునా చెప్పుకుంది. అంత గర్వంగా ఏ మనిషినీ నేను చూడలేదు.

ఆంటీ ఇప్పుడు లేదు. కారు ఇంకా ఆ షెడ్డులోనే ఉంది, నా వంకర అక్షరాలతో సహా. నిన్న ఆఫీసులో మేనేజరు నా డిజైన్ మీద నా పేరు తీసేసి తన పేరొక్కటే ఉంచమన్నాడు. పేరు చెరపడం నాకు బాగా తెలిసిన పని. అందుకే చెరపనని చెప్పాను.