శాలిబండలో ఇరవయ్యో సంతకం

శాలిబండవాళ్ల చేత మాంసం మాన్పించాలని ఆదివారం ఉదయం తొమ్మిదీ పదికి మియాపూర్‌లో మెట్రో ఎక్కాం. ఆదివారం ఎంచుకున్నది మా బృంద నాయకురాలు ప్రత్యూష. శత్రువు బలంగా ఉన్న రోజే దాడి చేయాలట. ‘ముప్పై రోజులు మాంసం, చేప, గుడ్డు ముట్టం’ అని సాయంత్రంలోగా ఇరవై ఇళ్లు సంతకం పెట్టాలి. లేకపోతే కార్యక్రమంతోపాటు ఆమె ఉద్యోగమూ ఆగిపోతుంది. పాల ప్రస్తావన లేదు. హైదరాబాద్‌లో చాయ్ జోలికెళ్లే ధైర్యం మమ్మల్ని పంపిన సంస్థకు లేదు. నేను సంచులు మోయడానికి వెళ్లాను.

పదింటికి ఎంజీబీఎస్‌లో దిగాం. ప్రత్యూష ప్రసంగం బట్టీ పడుతుంటే పక్క బేకరీలో ఎగ్ పఫ్ తిన్నాను, పాతిక రూపాయలు. ఉస్మాన్‌గంజ్ దాకా నడిచి, ఐదు కిలోల మీల్‌మేకర్ కొని ఆటో ఎక్కాం.

“క్యా హై భాయ్ ఇస్మే?” అన్నాడు డ్రైవర్.

“మీల్‌మేకర్. మటన్‌లా ఉంటుంది, మటన్ కాదు.”

“తో మటనీచ్ లేలేతే నా! ఇత్తీ తక్లీఫ్ కాయ్కు?” మటనే కొనుక్కోక ఇంత తంటా ఎందుకని అతని బాధ.

ప్రత్యూష అతనికి కరపత్రం ఇచ్చింది. అతను దాంతో అద్దం తుడుచుకున్నాడు.

పదకొండున్నరకు శాలిబండలో మాకిచ్చిన సందులో కుక్క తప్ప ఎవరూ లేరు. అందరూ చర్చిలో ఉన్నారు. పన్నెండున్నరకు తెల్లబట్టల్లో తిరిగొచ్చారు. ప్రత్యూష స్టూలెక్కి, మేక కన్నీటితో మొదలుపెట్టి భూగోళం దాకా వెళ్లేలోపే జనం వరుసకట్టారు. పావుగంటలో పంతొమ్మిది సంతకాలు! ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నాకు అనుమానం తిరిగింది.

“అంత తేలిగ్గా మానేస్తారా అమ్మా?” అని మరియమ్మను అడిగాను. బస్ డిపోలో పనిచేసి రిటైరైన మనిషి.

“గిప్పుడు శ్రమదినాలు గద బిడ్డా! ఈస్టర్ దాంక మేమెట్లయినా ముట్టం. ఇంక ఐదు వారాలుంది. మీ ముప్పై దినాలు గండ్లనే ఎల్లిపోతయ్.”

అప్పటికే మానేసినవాళ్ల చేత మేం మాన్పించాం.

“ముందే చెప్పొచ్చు కదండీ!” అంది ప్రత్యూష.

“ఏడ చెప్పనిచ్చినవమ్మా? స్టూలెక్కినవ్, దిగకపోతివి.”

“ఇంకో ఇల్లుందా?”

“గీడ పంతొమ్మిదే. నువ్వు పెట్టినవా?”

“నేనెప్పుడో మానేశాను. నాది లెక్కలోకి రాదు.”

మరియమ్మ నా వైపు తిరిగింది. “మరి గీ పోరడు? అంగీ మీద పఫ్ పొట్టు ఇంక రాలలే. మీకు గావాల్సింది గిసొంటోడే.”

“నేను సంచి మోయడానికొచ్చానండీ.”

“గిది గూడ మోయి.”

పెట్టాను. సందంతా చప్పట్లు కొట్టింది. రెండింటికి మరియమ్మ పుదీనా, పచ్చిమిర్చి దంచివేసి మీల్‌మేకర్ వండింది. ప్రసంగం కన్నా అదే నమ్మకం కలిగించింది.

నాలుగూ ఇరవైకి తిరుగు మెట్రో. ప్రత్యూష నివేదికలో ‘ముందే మానేసిన ఇళ్లు పంతొమ్మిది, కొత్తగా మారినది ఒకటి’ అని రాసి, పంపకుండా నన్ను చూసింది. “ఆ ఒక్కటైనా నిజమేనా?”

పాతబస్తీని మార్చడానికి వెళ్లేవారికి దారి కష్టమేమీ కాదు. తిరిగొచ్చేటప్పుడే బరువుగా ఉంటుంది.

ఫోన్ మోగింది. అమ్మ.

“నాటుకోడి పులుసు పెట్టానురా, గారెలు వేస్తున్నాను. ఎక్కడిదాకా వచ్చావ్?”

“గారెలు నాలుగు ఎక్కువ వెయ్యమ్మా. పులుసు వద్దు.”

ప్రత్యూష నివేదిక పంపేసింది. ఫోన్‌లో అమ్మ స్టవ్ కట్టేసిన చప్పుడు వినిపించింది.

“నాన్నా,” అంది, “ఒంట్లో బాగానే ఉందా?”