ఎడిటరుకు పంపిన ప్రసాదం

నిజమే చెప్పి అబద్ధాలకోరు అయినోణ్ణి యాడైనా చూసినారా? చూడకపోతే నన్ను చూడండప్పా. అదీ కాణిపాకం వినాయకుడి ఎదురుగా.

నా రీసెర్చి శెనక్కాయల మీద గదా. తిరుపతిలో కొన్ని మళ్ళకు ఎరువేసి, కొన్నిటికి వెయ్యకుండా పండించినాను. తూకాలన్నీ కార్డుల మీద బొక్కలు పొడిపించి, మదరాసు పోయి కంప్యూటర్లో వేయించినాను. ఎరువెయ్యని మళ్ళలోనే పదింతలు ఎక్కువ కాసినాయని వచ్చింది. రేణిగుంటలో రైలు దిగేటప్పటికి నా కాలు నేలమీద ఆనలేదు. పేపరు రాసి ఢిల్లీలో ఒక జర్నలుకు పంపినాను.

ఎడిటరు జవాబు రాసినాడు. "ఆశ్చర్యంగా ఉంది. మీ డేటా కార్డులు, ప్రోగ్రాము కూడా పంపండి. మేమూ కంప్యూటర్లో వేసి చూస్తాం. అడిగినవాళ్ళకూ ఇస్తాం."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఎండలో మాడి నేను తూచుకున్న లెక్కలు ఊరందరికీ పంచిపెట్టాల్నా? పైగా నన్ను నమ్మడంట.

సెలవుకు చిత్తూరు పక్కన మా ఊరికి పోయి నాయన దగ్గర మొరపెట్టుకున్నా. ఆయన సేద్యం చేసే మనిషి. "దానికింత రభస ఎందుకురా? కాణిపాకంలో ప్రమాణం చెయ్. ఆడ చేసినాక ఎవురు కాదంటారు?" అన్నాడు.

ఎమ్మెస్సీ చదివినోణ్ణి, నాకూ సబబే అనిపించింది చూడండి. తలకు నీళ్ళు పోసుకుని, తడిపంచెతో నిలబడి, "ఒక్క అంకె కూడా మార్చలేదు సామీ" అని ప్రమాణం చేసినా. ఆ సంగతే రాసి, ప్రసాదం పొట్లం జతచేసి ఎడిటరుకు రిజిస్టరు పోస్టులో పంపినా. నాయనైతే ఈ ఏడు మన మూడెకరాలకు ఎరువే వద్దని తేల్చేసినాడు.

పదిహేను దినాలకు జవాబొచ్చింది. "ప్రసాదం అందింది, ధన్యవాదాలు. కార్డులు పంపండి."

పళ్ళు నూరుకుంటా పంపినా. వాళ్ళు వేసి చూసి తిప్పి పంపిన కాగితంలో ఎర్రసిరాతో ఒక ప్రశ్న. "ఎరువు వేయని ఈ మూడు మళ్ళలో ఒక్కోదాంట్లో 999 కిలోలు పండినాయా?"

అప్పుడు గుర్తొచ్చింది. ఆ మూడు మళ్ళలో మేకలు పడి మొత్తం మేసేసినాయబ్బా. అవి లెక్కలో చేర్చొద్దని గుర్తుగా 999 కొట్టించినా. చేర్చొద్దనే ముక్క ప్రోగ్రాములో రాయడం మరిచినా. కంప్యూటరు ఆ 999ని కూడా పంటే అనుకుని కూడేసింది.

ఇంక బస్సెక్కి ఊరికి పరిగెత్తినా. నాయన విత్తనాలు చేటలో పోసుకుని చేనికి బయల్దేరతా ఉండాడు. అడ్డం పడి అంతా చెప్పినా.

"మేకలు మేసింది నువ్వు చూసినావా?"

"చూసినా నాయనా. నేనే తరిమినా."

"మరి కాయే లేని మళ్ళు కలిపి పదింతలు కాసినాయంటే ఎట్ల నమ్మినావురా?"

"కంప్యూటరు చెప్పింది గదా అని..."

ఆయన చేట కింద పెట్టి, ఎరువు తోలడానికి బండి కట్టినాడు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు.

పేపరు దిద్ది పంపినా. ఈసారి అడక్కముందే కార్డులు కూడా పెట్టినా. వచ్చే సంచికలో వేస్తారంట. ఎరువేస్తే శెనక్కాయలు బాగా కాస్తాయని లోకానికి కనిపెట్టి చెప్పిన శాస్త్రజ్ఞుణ్ణి నేనేనప్పా.