చెయ్యి పట్టుకో చాలు

"...పక్కన ఆవిడే కూర్చునుంటే నేను లెక్కపెట్టడమేంటే, నువ్వే చెప్పు."

"అంటే నీ డ్యూటీ ఆవిడ చేస్తారనుకున్నావా?"

"చేస్తారని కాదు. ఆవిడ కళ్లు దాటి ఏం పోతుందిలే అనుకున్నా."

"మరి ఇరవై అని ఎలా రాశావు?"

"నువ్వెలా రాస్తావో నేనూ అలాగే రాశాను. నువ్వెప్పుడు లెక్కపెట్టావో చెప్పు చూద్దాం."

సర్జరీ వార్డు చివర దుప్పట్లు పెట్టే గదిలో ఇద్దరు నర్సులు గొంతు తగ్గించి పోట్లాడుకుంటున్నారు. తలుపు ఓరగా వేసి ఉంది. బయట నిలబడి వింటున్న మనిషిని వాళ్లు చూడలేదు. ఆమె చనిపోయిన చెల్లెలి చెప్పులు, కళ్లజోడు, ఫ్లాస్కు పట్టుకెళ్దామని వచ్చింది. అవి ఆ గదిలోనే పెట్టామని ఆయా చెప్పింది. తలుపు తట్టబోయిన చెయ్యి దించుకుని, వచ్చిన దారినే వెనక్కి వెళ్లిపోయింది.

ఆమె ఆ ఆసుపత్రిలోనే ఐసీయూకి హెడ్ నర్సు. ఎదురుగా ఉంటే పెద్ద సిస్టర్ అంటారు. చాటున ఊపిరి సిస్టర్ అంటారు. ఆ పేరు కొత్తగా చేరిన పిల్లలెవరో పెట్టారు. ఆవిడ డ్యూటీలో రోగులకి ఊపిరాడుతుంది, మనకే ఆడదు అని టీ గదిలో జోకు. అది ఆమె చెవిన పడకపోలేదు. పడనట్టే ఉండేది.

ఆమె పద్ధతి అందరికీ తెలుసు. మంచం దగ్గరికి వెళ్లగానే మానిటర్ వైపు చూడదు. నాడి చూస్తున్నట్టు రోగి మణికట్టు పట్టుకుని, ఇంటి సంగతులు రెండు అడిగి, తర్వాత మాట్లాడకుండా నిలబడుతుంది. అప్పుడామె చూసేది నాడి కాదు, దుప్పటి కింద లేచి పడే ఛాతీని. ఊపిరి లెక్కపెడుతున్నారని తెలిస్తే మనిషి ఊపిరి మారిపోతుంది, అందుకే ఆ నాటకం. బీపీ, పల్స్, జ్వరం అన్నీ మిషన్లు చెబుతాయి. ఊపిరిని మాత్రం మామూలు వార్డుల్లో ఒక మనిషి నిమిషంపాటు నిలబడి లెక్కపెట్టాలి. ఒక్క నర్సుకి అన్ని మంచాలున్నచోట ఆ నిమిషం ఎవరికీ దొరకదు. దొరకదు కాబట్టి ఇరవై అని రాసేస్తారు. నిద్రపోతున్నవాడికీ ఇరవై, మెట్లెక్కి ఆయాసపడుతూ వచ్చినవాడికీ ఇరవై, చావుకి దగ్గరపడుతున్నవాడికీ ఇరవయ్యే. లోపల ఏదైనా చెడినప్పుడు అన్నిటికంటే ముందు మారేది ఊపిరేనని ఆమె చెప్పి చెప్పి అలిసిపోయింది.

వార్డుల నుంచి ఐసీయూకి వచ్చే రోగులు చాలామంది చెయ్యి దాటాకే వస్తున్నారని ఆమెకి ఎప్పట్నుంచో బాధ. మెడికల్ కాలేజీలో పాఠాలు చెప్పే ఒక డాక్టరమ్మతో కలిసి దానిమీద పరిశోధన మొదలుపెట్టింది. మనిషి దిగజారుతున్నాడని ముందుగా ఎవరికి తెలిసింది, తెలిసి ఏం చేశారు, అదీ విషయం. అందులో ఒక భాగం బంధువులతో మాట్లాడటం. ఆ పని డాక్టరమ్మ చేతికి వదలకుండా తనే చేసేది. వాళ్ల పక్కన బెంచీమీద కూర్చుని, మీకు మొదట ఎప్పుడు తేడా అనిపించింది అని మెల్లిగా అడిగేది. మాట తగ్గించేశాడనేవారు. ఫ్యాను కింద పడుకునే గాలాడట్లేదందనేవారు. దుప్పటి పీకుతూ కూర్చుందనేవారు. ఎవరికైనా చెప్పారా అంటే అందరిదీ దాదాపు ఒకటే జవాబు. సిస్టర్లు ఉన్నారు కదా, వాళ్లకి తెలీదా అనుకున్నాం.

వాళ్ల ముందు ఆమె ఏమీ అనేది కాదు. ఒకసారి మాత్రం టీ గదిలో, కళ్లెదురుగా కనిపిస్తుంటే నోరెలా కట్టేసుకుంటారో ఈ మనుషులు అంది. అక్కడున్నవాళ్లు తలలూపారు.

చెల్లెలికి నోరు కట్టేసుకోవడం తెలియదు. మొగుడూ పెళ్లాలది దర్జీ కొట్టు. కత్తెర అతనిది, మిషను ఆమెది, మాటలన్నీ కూడా ఆమెవే. కొలతలిచ్చేటప్పుడు పొట్ట లోపలికి లాగేవాళ్లని, లాగింది చాలు వదిన గారూ, రేపు బ్లౌజు కూడా లాగాల్సొస్తుంది అనేది. అక్క తెల్ల యూనిఫారాలన్నీ ఆమె కుట్టినవే. జేబులు లోతుగా పెట్టేది. పెన్నులు పడిపోకుండా ఉండటానికే కాదక్కా, నీ కోపం కూడా అందులోనే వేసుకో అనేది.

పిత్తాశయంలో రాళ్లున్నాయని తేలినప్పుడు, వేరే ఆసుపత్రికి పోతానని చెల్లెలు అంటే అక్కే ఒప్పుకోలేదు. నా కళ్లముందు ఉంటావు అంది. ఆపరేషను బాగానే జరిగింది. మర్నాడు అక్క సెలవు పెట్టి మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. కూర్చున్న కాసేపటికే అలవాటుగా చెయ్యి వెళ్లి చెల్లెలి మణికట్టు మీద పడింది. చెల్లెలు చెయ్యి లాగేసుకుంది. నర్సింగ్ చదివే రోజుల్లో అక్క ఈ నాటకం నేర్చుకున్నది ఆమె మీదే.

"నాకు తెలుసులే నువ్వేం చూస్తున్నావో. ఇవాళ నువ్వు సిస్టర్‌వి కాదు. చెయ్యి పట్టుకో చాలు, నాడి పట్టుకోకు."

"సరేలే."

"సరేలే కాదు. మాటివ్వు. చిన్నప్పట్నుంచీ నీ లెక్కలతో చంపావు."

మాటిచ్చింది. ఇచ్చి, చెల్లెలి అరచేతిలో తన అరచెయ్యి పెట్టింది. ఎన్నో ఏళ్ల తర్వాత, చేసే పనేమీ లేకుండా ఒక మంచం పక్కన కూర్చోవడం ఆమెకి బాగుంది.

ఆ వార్డులో డ్యూటీ పిట్టది. మనిషి సన్నగా, గబగబా తిరుగుతూ ఉంటుంది కాబట్టి రోగులు ఆ అమ్మాయికి పెట్టిన పేరది. ఏడాది పాటు ఐసీయూలో పెద్ద సిస్టర్ దగ్గరే పని నేర్చుకుంది. స్టూలు మీద ఆవిడని చూసి ముఖం వెలిగింది. అమ్మయ్య, ఈ మంచం గురించి నాకిక బెంగ లేదు మేడం అంది. ఆమె కూడా నవ్వింది.

మధ్యాహ్నం చెల్లెలు తమ కొట్టుకి వచ్చిన ఒక ముసలాయన కథ చెప్పడం మొదలుపెట్టింది. పాత ప్యాంటు తెచ్చి, నాకు కాదమ్మా, పొట్టకి మాత్రమే పెద్దది చెయ్యి అన్నాడట. ఆ మాట దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, మళ్లీ మొదలుపెట్టింది. మళ్లీ ఆగింది. చెల్లెలు మాట మధ్యలో ఊపిరి కోసం ఆగడం అక్క ఎప్పుడూ చూడలేదు. కథ పూర్తవలేదు. ఫ్యాను పెంచమంది. పెంచే ఉందని చెబితే సరేనంది. ఆ సరే కూడా చెల్లెలిది కాదు, ఎప్పుడూ ఒక్కమాటతో వదిలే మనిషి కాదు.

ఆపరేషను నొప్పికి పొట్ట బిగబట్టి పీలుస్తోందిలే అనుకుంది అక్క. మణికట్టు వైపు చెయ్యి పోబోయి ఆగింది. మాటిచ్చింది. అదొక్కటే కాదు. ఆసుపత్రిలో పనిచేసే బంధువులంటే నర్సులకి ఎంత చిరాకో ఆమెకి తెలుసు. ప్రతిదానికీ పిలిచి, చూడు అది చూశావా, ఇది చూశావా అనేవాళ్ల గురించి ఆమే ఎన్నోసార్లు నవ్వింది. తన దగ్గర నేర్చుకున్న పిల్ల ముందు అలా అనిపించుకోవడం ఇష్టం లేకపోయింది.

పిట్ట వచ్చి బీపీ చూసింది, జ్వరం చూసింది. కొంచెం వేడిగా ఉంది, ఆపరేషను తర్వాత మామూలే కదా మేడం అంది. రాసుకుంది. ఛాతీ వైపు చూడలేదు. చూడలేదన్నది స్టూలు మీది మనిషికి తెలిసింది. లెక్కపెట్టమ్మా అన్న మాట నోటిదాకా వచ్చింది. పిట్ట అప్పటికే పక్క మంచానికి వెళ్లింది.

"అక్కా, ఎందుకో బాగోలేదే" అంది చెల్లెలు.

"పడుకో. నొప్పి మందుకి అలాగే ఉంటుంది."

చెల్లెలు పడుకుంది. దుప్పటి అంచు కుట్టు ఊడిందేమో చూస్తున్నట్టు వేళ్లతో తడుముతూనే ఉంది. అక్క ఆ రెండో చెయ్యి కూడా పట్టుకుంది.

లోపల కుట్టు దగ్గర పైత్యరసం కారి, విషం రక్తంలోకి పాకింది. సాయంత్రం చూడటానికొచ్చినవాళ్లు వెళ్లిపోవాలని గంట మోగే సమయానికి చెల్లెలు పిలిస్తే పలకలేదు. పరుగెత్తుకొచ్చిన ఐసీయూ పిల్లలందరూ ఆమె తయారుచేసినవాళ్లే. ఎక్కడా తొట్రుపడలేదు. వాళ్లలో ఒకరు, మీరు కాస్త బయట ఉండండి అని ఆమె భుజం పట్టుకుని ఐసీయూ తలుపు దాటించారు. ఆ మాట ఏ గొంతుతో చెప్పాలో వాళ్లకి నేర్పింది కూడా ఆమే. ఎన్నో ఏళ్లుగా బంధువుల పక్కన కూర్చున్న ఆ బెంచీ మీద, చెల్లెలి మొగుడైన మరిది పక్కన కూర్చుంది. తెల్లారాక డాక్టరు బయటికొచ్చారు. ఆయన చెప్పకముందే ఆమె లేచి నిలబడింది.

తర్వాత అందరూ ఒకే మాటతో ఓదార్చారు. నువ్వు పక్కనే ఉన్నావు, అంతకంటే ఎవరేం చేయగలరు అని. మరిది ఇంటికొచ్చి, చెల్లెలు సగం కుట్టి వదిలిన తెల్ల యూనిఫారం ఒక సంచీలో తెచ్చిచ్చాడు. ఒక చెయ్యి అతికించలేదు. నాకు కత్తిరించడమే వచ్చు వదినా, దర్జీల్లో కూడా సగం మనిషినే నేను అని నవ్వబోయాడు. నవ్వు రాలేదు. గోడవైపు చూస్తూ అన్నాడు.

"వేరేచోట అయ్యుంటే ఎవడేం చేశాడో అని పిచ్చెక్కేది నాకు. నువ్వు చెయ్యి పట్టుకుని కూర్చున్నావు. ఆ ఒక్కటి తలుచుకునే రాత్రి కాస్త కునుకు తీస్తున్నాను."

చెబుదామని నోరు తెరిచింది. మంచినీళ్లు కావాలా అని అడిగింది.

దుప్పట్ల గదిలో పిట్ట మాటలు విన్నది ఆ మర్నాడే. అప్పటిదాకా ఆమెకి తన తప్పొక్కటే తెలుసు, తను నోరు విప్పలేదన్నది. ఇప్పుడు రెండోది తెలిసింది. ఆమె స్టూలు మీద కూర్చున్నందుకే ఆ మంచాన్ని ఎవరూ చూడలేదు. చెల్లెలి పక్కన ఇంట్లోవాళ్లెవరో, ఏమీ తెలియని మనిషి ఉంటే పిట్ట లెక్కపెట్టి ఉండేదేమో. వేరే ఆసుపత్రికి పోతానంది కూడా.

చార్టు నిండా ఇరవయ్యే ఉందని విచారణ పెట్టారు. పిట్టని ఇంటి దగ్గర ఉండమన్నారు, ఉద్యోగం ఉండదని వార్డులో అందరూ అనుకున్నారు. నర్సింగ్ సూపరింటెండెంట్ గదిలో ఆపరేషను చేసిన డాక్టరు, కాలేజీ డాక్టరమ్మ, గోడవారగా పిట్ట, ఇంటివాళ్ల తరఫున మరిది కూర్చున్నారు. పెద్ద సిస్టర్ మరిది పక్క కుర్చీలో కూర్చుంది. లెక్కపెట్టకుండా ఇరవై రాసిన సంగతి సూపరింటెండెంట్ చదివి వినిపించి, ఏమంటావమ్మా అని పిట్టని అడిగారు. తప్పు నాదే మేడం అంది పిట్ట. పక్కన ఎవరు కూర్చున్నారో ఆ పిల్ల చెప్పలేదు. తలెత్తలేదు కూడా.

సరే, ఇందులో తేల్చడానికి ఇంకేముంది అన్నారు సూపరింటెండెంట్.

"ఒకటుంది" అంది పెద్ద సిస్టర్. డాక్టరమ్మ వైపు తిరిగింది. "బంధువుల్ని అడిగే ప్రశ్న ఉంది కదా. నన్నడగండి."

ఇప్పుడొద్దులెండి, తర్వాత చూద్దాం అంది డాక్టరమ్మ. అడగండి అని ఆమె మళ్లీ అంది. డాక్టరమ్మ గొంతు సవరించుకుంది.

"మీకు మొదట ఎప్పుడు తేడా అనిపించింది?"

"మధ్యాహ్నం. ముసలాయన ప్యాంటు కథ చెబుతూ ఊపిరి కోసం ఆగింది. అప్పుడు."

"ఎవరికైనా చెప్పారా?"

"లేదు. సిస్టర్లు ఉన్నారు కదా అనుకున్నాను."

మరిది ఆమె వైపు తిరిగాడు. ఏ కథో అతనికి తెలుసు. ఆ ముసలాయనకి కొలత తీసింది అతనే.

"అప్పుడే తెలిసిందా వదినా?"

"తెలిసింది. తనే బాగోలేదంది కూడా. పడుకోమన్నాను."

అతను కుర్చీ కాస్త పక్కకి జరుపుకున్నాడు. ఆమె అది చూసి, సూపరింటెండెంట్ వైపు తిరిగింది.

"ఆ అమ్మాయిని రేపు డ్యూటీకి పిలవండి. ఐసీయూ నేను వదిలేస్తున్నాను, సర్జరీ వార్డులో మామూలు నర్సుగా నాకూ రేపట్నుంచే డ్యూటీ వెయ్యండి."